శారీ గార్డు విప్పిన బండి

శ్రావణి బండి కొన్న కొత్తలోనే శారీ గార్డు విప్పేసింది. వెనక చక్రం పక్కన, చీర కుచ్చెళ్లు చైన్లో పడకుండా కంపెనీవాడు బిగించి ఇచ్చే ఇనప జాలీ అది. బరువు తప్ప ఏమీ లేదని దాన్ని పీకి మేడ మీద పడేసింది. ఎలాగూ చెయ్యి పెట్టాం కదా అని, వెనక కూర్చునేవాళ్లు కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టులు కూడా పీకేసింది. ఆ పని చేస్తూ వీడియో కూడా తీసి నెట్లో పెట్టింది. అందులో స్పానర్ తిప్పుతూ, "మట్టి ట్రాక్ మీదకి చీర కట్టుకుని ఎవరొస్తారండీ?" అని అడిగింది. చూసినవాళ్లందరూ నవ్వారు. ఆ నవ్వు ఆమెకి చాలాకాలం తీపిగానే ఉంది.

రాజాంలో ఇంజనీరింగ్ చదివి, ఇంటినుంచే బెంగళూరు కంపెనీకి టెస్టర్‌గా పనిచేస్తుంది శ్రావణి. అంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రాంలో తప్పులు వెతికిపెట్టడం. వారమంతా అదే చేసి, ఆదివారం పొద్దున్న మాత్రం ఊరవతల మెట్ట మీద కుర్రాళ్లకి డర్ట్ బైక్ నేర్పుతుంది. మెట్ట ఎక్కితే దూరంగా రామతీర్థం కొండలు కనబడతాయి, దిగితే గెడ్డ, అంటే చిన్న వాగు, అది దాటితే జీడి తోటలు. ఎర్రమట్టి, గులకరాళ్లు, వానకి కోసుకుపోయిన గాడులు, గెడ్డలో ఇసక. నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

ఆ మెట్ట కూర్మమ్మది. వరసకి అత్త కాకపోయినా శ్రావణి చిన్నప్పటినుంచీ అత్తా అనే పిలుస్తుంది. మొక్కలు తొక్కనంటే తిప్పుకోమని కూర్మమ్మ ఒకే మాటలో ఇచ్చేసింది. పనిలేనప్పుడు గట్టు మీద కూర్చుని, గాల్లోకి లేచి పడే కుర్రాళ్లని చూసి పొట్ట పట్టుకుని నవ్వడం ఆమెకి సరదా.

శ్రావణి దగ్గర రూళ్లు గట్టివి. హెల్మెట్, బూట్లు, మోకాలి చిప్పల గార్డులు లేకుండా ఎవరూ బండి ముట్టకూడదు. ఎక్కేముందు చైను, టైర్లలో గాలి, బ్రేకులు చూడాలి. ఎగుడుదిగుడులో సీటు మీద కూర్చోకుండా లేచి నిలబడి తోలాలి, కళ్లు రాయి మీద కాక దారి మీద ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, వెనక మనిషిని ఎక్కించకూడదు. సాలూరు నుంచి వచ్చే నరేష్ ఒకసారి ఊరికే గట్టు దాకా తమ్ముణ్ని ఎక్కించుకున్నాడని, రెండు ఆదివారాలు బండి ఇవ్వకుండా కూర్చోబెట్టింది. వాళ్ల నాన్న లారీల మేస్త్రీ. బండ్ల మధ్యే పెరిగిన కుర్రాడు అందరి ముందూ తలొంచుకున్నాడు.

ఆ రూలు కూర్మమ్మకి మాత్రం మింగుడుపడలేదు. జీడిపిక్కల కాలంలో రోజూ గెడ్డ అవతల తోటకి వెళ్లి, సాయంత్రం మెరకెక్కి ఇంటికి రావాలి. దారిలో శ్రావణి ఎదురైనప్పుడల్లా చెయ్యెత్తేది.

"ఏటే సావనీ, ఆపకుండా ఎలిపోతన్నావు?"

"వెనక ఎక్కించకూడదత్తా. రూలు."

"ఎవుల్రూలు?"

"నాదే."

"నీదే అయితే నువ్వే మార్సుకోలేవేటి? ఒసే, నా మెట్ట మీద నీ బండి ఎగరొచ్చు గాని, నీ బండి మీద నాను కూకోకూడదా?"

శ్రావణి నవ్వేసి వెళ్లిపోయేది. ఇంటికెళ్లాక మాత్రం ఆ మాట పంటికింద రాయిలా తగిలేది. మా ఊళ్లలో దారిన చెయ్యెత్తిన పెద్దావిణ్ని వదిలేసి పోవడమంటే ముఖం మీద తలుపేసినట్టే.

ఆ శనివారం సాయంత్రం, మర్నాటి క్లాసుకి ట్రాక్ చూసుకుందామని శ్రావణి ఒక్కతే వెళ్లింది. గెడ్డ ఒడ్డున కూర్మమ్మ రాయి మీద కూర్చుని ఉంది. పక్కన పిక్కల బుట్ట. చెయ్యెత్తలేదు. మోకాళ్లు రెండూ చేతుల్తో పట్టుకుని కూర్చుంది. అది చూసే శ్రావణి ఆగింది.

"ఏటైందత్తా?"

"ఏటవుద్ది. మోకాళ్లు లాగేస్తన్నాయి. ఈ మెరక నాను ఎక్కలేను గావాల. బుట్ట కోసం అల్లుడొస్తాడు. అల్లుణ్ని బుట్ట మొయ్యమంటాను గాని, నన్ను మొయ్యమంటానేటి?"

శ్రావణి మెరక వైపు చూసింది. దారిలో ఎవరూ లేరు. ఫస్ట్ గేరులో, నడక కంటే మెల్లిగా పోతే ఏమవుతుందనుకుంది. ఎవరూ చూడటం లేదు కదా, అని కూడా అనుకుంది. తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా ఆ రెండో మాట దగ్గరికొచ్చేసరికి ఆమెకి చెవులు వేడెక్కేవి.

"ఎక్కు. మగాళ్లలా అటో కాలు ఇటో కాలు వేసి కూకో. గోసి అలాగే ఉండనీ, విప్పకు. నన్ను గట్టిగా పట్టుకో."

తోటపనికి కూర్మమ్మ చీరని మోకాళ్ల పైకి లాగి గోచీ పెట్టుకుంటుంది. అది ఉన్నంతవరకూ భయం లేదు. ఫుట్‌రెస్టులు లేవు కాబట్టి కాళ్లు దూరంగా పెట్టమని చెప్పింది శ్రావణి. తన హెల్మెట్ తనకే ఉంది. తీసి ఆమెకి పెడదామన్న ఆలోచన అసలు రాలేదు.

సగం మెరక దాకా బాగానే సాగింది. కూర్మమ్మ చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. "ఓలమ్మ, గాల్లో ఉన్నట్టున్నాదే. ఆ కుర్ర గుంటలు ఇందుకేనేటి ఇక్కడికి సస్తారు" అంది. శ్రావణికీ నవ్వొచ్చింది.

మలుపు తిరిగేసరికి పైనుంచి ఈశ్వర్ దిగి వస్తున్నాడు. కూర్మమ్మ కూతురు దేవి మొగుడు, ఊరికి వచ్చి పట్టుమని ఏడాది కాని కొత్తల్లుడు. అల్లుడి ముందు గోచీతో, మోకాళ్లు కనబడేలా ఏ అత్తా నిలబడదు. శ్రావణికి వెనక నుంచి ఒక్క మాటే వినబడింది. "అయ్యో, అల్లుడుబాబు."

ఆ మాటతోపాటే కూర్మమ్మ ఒక చేత్తో గోచీ లాగేసింది. చీర జారవిడిచి, ఆడవాళ్లు కూర్చునే పద్ధతిలో రెండు కాళ్లూ ఒక పక్కకి తిప్పుకుంది. శ్రావణి వద్దనే లోపే బండి వెనక్కి లాగినట్టయి ఆగిపోయింది. చైను చీరని మింగేసింది. చీరతోపాటు మనిషి కింద పడింది. మడమ చక్రానికి ఒరుసుకుంది, పాదం చీలమండ దగ్గర వంకర తిరిగింది.

కూర్మమ్మ ఒకే ఒక్క అరుపు అరిచింది. తర్వాత పళ్లు బిగపట్టుకుంది. లంగా జాకెట్టుతో మట్టిలో పడి ఉన్న ఆమెని చూసి శ్రావణి తన జెర్సీ విప్పి కప్పింది. కూర్మమ్మ కాలి గురించి అడగలేదు.

"అల్లుడు సూసీనాడేటే?"

శ్రావణి తలెత్తి చూసింది. దారి ఖాళీగా ఉంది. "నేదత్తా. ఎవులూ నేరు."

"మరైతే ఆ బండి అటు నెట్టీ. ఎవులైనా వస్తే గట్టు మీంచి జారిపోనానని సెప్తాను. తుప్పల్లో పడి సీర సిరిగిపోనాదని సెప్తాను. నువ్వేటీ అనకు."

ఏమీ అనకూడదని ఒకరు చెబితే, విన్నవాళ్లు కాసేపు వద్దు వద్దంటారు. శ్రావణి ఒక్కసారి కూడా అనలేదు. చాకుతో చీర కోసి, చేతికొచ్చినంత లాగి సంచిలో కుక్కింది. బండిని తుప్పల వెనక్కి నెట్టింది. అంత బరువు బండిని ఎప్పుడూ అంత తేలిగ్గా నెట్టలేదు.

కాసేపటికి పైనుంచి బుల్లమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. కూర్మమ్మ పక్కింటావిడ. చంకలో మడత పెట్టిన చీర ఉంది. వస్తూనే దాన్ని విప్పి కూర్మమ్మకి చుట్టింది. దారిన పోయే కుక్కని కూడా ఎక్కడికని అడిగే బుల్లమ్మ, ఆ రోజు ఎలా పడ్డావని తప్ప ఏమీ అడగలేదు. "గట్టు మీంచి జారిపోనాను" అంది కూర్మమ్మ. "అలాగా" అంది బుల్లమ్మ. ఆ తర్వాత ఈశ్వర్ మనుషుల్ని, మంచాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నేల చూపులు చూస్తూనే మంచం ఎత్తాడు.

ఆ రాత్రికే విజయనగరం ఆసుపత్రిలో కాలికి పిండికట్టు వేశారు. ఇంట్లో శ్రావణి వాళ్లమ్మ తాయారు అన్నం పెడుతూ, "కూర్మమ్మ నిన్ను తెగ పొగుడుతోందటే. అటుగా వెళ్తూ నువ్వు చూడబట్టి సరిపోయిందట, లేకపోతే చీకటిపడేదాకా అక్కడే పడుండేదాన్నని అంటోందట" అంది. శ్రావణి కంచంలో చెయ్యి కడిగేసుకుంది. ఆకలి లేదంది. తాయారు అది కంగారు అనుకుంది.

మర్నాడు క్లాసు మానేస్తే అనుమానం వస్తుందని వెళ్లింది. నిజానికి ఎవరికీ ఏ అనుమానమూ లేదు. ఎప్పట్లాగే, ఎక్కేముందు బండి చూడాలని నరేష్ ఆమె బండి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆమె నేర్పినట్టే చైను వేలితో ఎత్తి చూశాడు, పళ్లచక్రం తిప్పి చూశాడు.

"మేడం, ఇక్కడేటో ఇరుక్కున్నాది."

వెనక పళ్లచక్రానికీ ఇరుసుకీ మధ్య నల్లగా గ్రీజు పట్టిన గుడ్డ. నరేష్ దాన్ని స్క్రూడ్రైవర్‌తో కెలికి, పోగులు పోగులుగా లాగాడు.

"తుడిచిన పేలిక అయ్యుంటాది" అంది శ్రావణి.

"పేలిక్కి నీలం పువ్వులున్నాయి మేడం."

"మా అమ్మ పాత చీరది."

తనకి అబద్ధం ఇంత వేగంగా వస్తుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు. నరేష్ ఇంకా కెలుకుతూనే ఉన్నాడు. "పిసరంత గుడ్డే సూడండి, లాగినా రాదు. ఇదే మనిసి ఒంటి మీద బట్టైతే ఏటైపోవును? దీని మీదొక వీడియో తియ్యండి మేడం. జనానికి ఉపయోగం."

మిగతా కుర్రాళ్లు అవునన్నారు. హెల్మెట్ తలకి ఉండబట్టి ఆమె ముఖం ఎవరికీ కనబడలేదు. ఆ రోజు క్లాసంతా హెల్మెట్ తీయకుండానే చెప్పింది.

ఆ వారమంతా రోజూ కూర్మమ్మ ఇంటికి ఏదో ఒకటి పట్టుకుని వెళ్లింది. పళ్లు, బిస్కట్లు, ఒకసారి ఫ్యాను. కూర్మమ్మ మామూలుగానే మాట్లాడింది. ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు కూడా ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తితే బాగుండును, తిడితే బాగుండును అనిపించేది శ్రావణికి. వెళ్లేటప్పుడు బండి మీద కాక నడిచే వెళ్లేది. బుల్లమ్మ అరుగు మీద నుంచి, "బండేదే?" అని అడిగేది. "ఎండగా ఉందని" అనేది శ్రావణి. ఎండగా ఉంటే ఎవరైనా నడుస్తారా అని బుల్లమ్మ అడగలేదు. అడగకపోవడమే భయంగా ఉండేది.

మళ్లీ ఆదివారం వచ్చింది. కూర్మమ్మకి కట్టు మార్చడానికి ఆసుపత్రికి వెళ్లాలి. ఆటో రోడ్డు మీదే ఆగిపోతుంది, వాళ్ల ఇంటికొచ్చే మెట్ట దారిలో రాదు. పిక్కల కాలం కాబట్టి మగాళ్లందరూ తోటల్లో ఉన్నారు. మెట్ట మీద కుర్రాళ్లు అప్పుడే వచ్చి బండ్లు దింపుతున్నారు. శ్రావణి క్లాసు బట్టలతోనే కూర్మమ్మని చూసి వెళదామని వచ్చింది. అరుగు మీద మంచంలో కూర్మమ్మ, గుమ్మం దగ్గర ఈశ్వర్, మెట్టు మీద బుల్లమ్మ.

"మంచానికి నలుగురు కావాల. ఎక్కడ తెత్తాం?" అన్నాడు ఈశ్వర్.

బుల్లమ్మ శ్రావణి బూట్ల వైపు చూసింది. "నలుగురెందుకు? ఈ గుంట బండున్నాది కదేటి. ఊరందరికీ నిమ్మళంగా తోలడం ఇదే నేర్పుతాది. రోడ్డు దాకా ఎక్కించుకుని దింపీస్తాది."

మంచంలో కూర్మమ్మ ముఖం పాలిపోయింది. రెండు చేతుల్తో మంచం పట్టె పట్టుకుంది. "వద్దులే. నాను డేకుతా ఎల్తాను" అంది నవ్వబోయి.

"ఎందుకొద్దు? దీని బండికి భయమేటి?" అంది బుల్లమ్మ.

ఉన్న జవాబు కూర్మమ్మ చెప్పదు. పట్టె మీద ఆమె వేళ్లు తెల్లబడటం శ్రావణి చూసింది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే, ఈవిడ భయాన్ని మింగి బండెక్కేస్తుంది కూడా. తన కోసం.

"నేను ఎక్కించను" అంది శ్రావణి. మంచం దగ్గరికి వచ్చింది. మళ్లీ అంది. "మొన్న ఎక్కించింది నేనే. అత్త గట్టు మీంచి జారలేదు. నా బండి మీంచి పడిపోయింది. తప్పు నాది. ఎక్కించకూడదని నాకు తెలుసు, తెలిసే ఎక్కించాను. జాలీ విప్పింది కూడా నేనే. తర్వాత మాట్లాడకుండా ఊరుకున్నాను."

"నోరు ముయ్యవే" అంది కూర్మమ్మ. అల్లుడి వైపు చూడలేక గోడ వైపు తిరిగింది. "ఎవులడిగినారే నిన్ను?"

బుల్లమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది. "తెలుసునే. గట్టు మీంచి జారిన మనిసికి సీర కావాలని నాకేటి కల వచ్చిందా? తెచ్చింది నానే కదా."

శ్రావణికి అప్పుడు అర్థమయింది. ఆ రోజు బుల్లమ్మ చంకలోని మడత చీర. ఎనిమిది దిక్కుల్లో తప్పులు వెతికే తనకి, కళ్లముందున్నది కనబడలేదు.

"నానే పంపినాను" అన్నాడు ఈశ్వర్. గడపకే చెబుతున్నట్టు చెప్పాడు. "అరుపు ఇన్నాను. పడిపోడం సూసేను. అత్త... అలగ ఉంటే నానెలగ వస్తాను? ఎనక్కి తిరిగి బుల్లమ్మప్పకి సెప్పి సీరతో పంపినాను. మనిసి పడిపోతే ఎత్తకుండా ఎనక్కెల్లిపోనాను. వారం నుంచీ అన్నం తినబుద్ధవట్లేదు."

కూర్మమ్మ గోడ వైపే ఉంది. భుజాలు మాత్రం కదిలాయి. ఏడుస్తోందో ఏమో తెలియలేదు.

"అంటే మీకు ముందే తెలుసు" అంది శ్రావణి.

"తెలుసు" అంది బుల్లమ్మ. "నువ్వు పళ్లు పట్టుకొస్తన్నప్పుడల్లా, ఇయ్యాల సెప్తాది గావాలని సూసేదాన్ని. ఫ్యాను కూడా తెచ్చినావు గాని, మాట తేలేదు."

మంచానికి నాలుగు మూలలున్నాయి. ఈశ్వర్, బుల్లమ్మ ముందు, కాళ్ల వైపు పట్టారు, అల్లుడు అత్త ముఖం చూడనక్కర లేకుండా. శ్రావణి తల వైపు పట్టింది. నాలుగో మనిషి కోసం ఈశ్వర్ మెట్ట మీద నుంచి నరేష్‌ని పిలుచుకొచ్చాడు. ఎందుకు, ఏమిటి అని అడగకుండా నరేష్ గ్లవ్స్ తీసి జేబులో పెట్టుకుని రెండో తలమూల ఎత్తుకున్నాడు.

గులకరాళ్ల దారిలో మంచం ఊగుతూ వెళుతోంది. బూట్లు బరువుగా ఉన్నాయి. చాలా దూరం కూర్మమ్మ కళ్లు మూసుకునే ఉంది. తర్వాత తల కొంచెం పక్కకి తిప్పి, మెల్లిగా అంది.

"అల్లుడి ముందు నా మానం తీసీసినావు."

"తీసీసినాను అత్తా."

"మరి మీ గుంటలందరూ వచ్చీసినారు కదే. ఇయ్యాల బండి నేర్పవా?"

"నేర్పను. ఆళ్లకి సెప్తాను."

"ఏటి సెప్తావు?"

"ఎక్కించానని. పడేశానని. ఊరుకున్నానని."

"సీర సంగతి సెప్పకు."

"సెప్పను."

మంచం ఒక గాడి దాటింది. కూర్మమ్మ నొప్పికి మూలిగి, ఊపిరి తీసుకుంది. ఏదో లెక్క తేలనట్టు కాసేపు ఆకాశం చూసింది.

"సెప్పకపోతే మరి ఆళ్లకెలగ తెలుస్తాది, సీర పట్టీస్తాదని? ఆళ్లకీ అమ్మలున్నారు. ఏ అత్తో సెయ్యెత్తదేటి?" అంది. మళ్లీ తనే అంది. "సెప్పు. నా పేరు సెప్పకు." అప్పుడు గుర్తొచ్చినట్టు నరేష్ వైపు చూసింది. "ఈ బాబుకి ఇనబడతన్నాదేటి?"

"నాకేటీ ఇనబడట్లేదత్తా" అన్నాడు నరేష్ ముందుకే చూస్తూ.

"మంచిది." కూర్మమ్మ గొంతు ఇంకా తగ్గించింది. "ఏ సీరో కూడా సెప్పకే. నీలం పువ్వులది ఊర్లో నా ఒక్కదానికే ఉన్నాది."

నరేష్ అడుగు ఒక్క క్షణం తడబడింది. మంచం అతని వైపు కొంచెం వంగి, మళ్లీ సరిగ్గా నిలిచింది. శ్రావణికి పక్కకి చూసే ధైర్యం చాల్లేదు. తలకి హెల్మెట్ లేదు, చెవుల దాకా ఎక్కిన వేడిని దాచుకోవడానికి ఏమీ లేదు. మంచం పట్టె భుజానికి గట్టిగా ఒత్తుకుని నడుస్తూనే ఉంది.

"కాలు సూసుకోండి మేడం" అన్నాడు నరేష్. "రాయున్నాది."